ముప్పై ఏడో ఫోటో

"సాక్షి ఫోటో కోర్టు గేటు పోలీసులకు ఇంకా అందలేదేం?" వైర్‌లెస్‌లో హైదరాబాదు గొంతు.

"ముప్పై ఏడో రికార్డు తెరిస్తే ఫోటో ఖాళీగా వస్తోంది సార్."

"పదిన్నరకు సాక్షి జమ్మలమడుగు కోర్టు మెట్లెక్కాలి. ఆలోగా సరిచెయ్. ఓవర్."

ప్రొద్దుటూరులో కంప్యూటర్ మెకానిక్కుగా బోర్డు కట్టుకున్న ఏజెంట్ కమాల్ బాషా గడియారం చూశాడు. తొమ్మిదీ ఇరవై.

అది 1999, ఎన్నికల కాలం. ఒకే విదేశీ ముఠా రెండు పార్టీల వర్గాలకూ డిటొనేటర్లు అమ్ముతోంది. సరుకు దిగడం చూసినవాడు ఒక్కడే: వేముల దగ్గర గొర్రెలు మేపుకునే మునెయ్య. అతని ముఖం ముఠాకు తెలిస్తే అతను బతకడు. ఆ ముఖమున్నది ఈ వెనకగది డేటాబేస్‌లో మాత్రమే. పాస్‌వర్డ్ తెలిసినది ఇద్దరికి: కమాల్‌కు, అతని జోడీ ఏజెంట్ సరోజకు.

"బొమ్మ మాయమయిందంటే మనిషికి గండమేనప్పా," అన్నాడు కాపలా కానిస్టేబుల్ చిన్నసుబ్బయ్య.

"గండం గాదు సుబ్బన్నా, కారణముంటాది. ఒక్కొక్కటే చూసుకుంటా పోదాం."

మిగతా ఫోటోలన్నీ కనిపిస్తున్నాయి. కాబట్టి ప్రోగ్రాము చెడలేదు. ఫోల్డరు తెరిచాడు. మునెయ్య ఫైలు అక్కడ లేదు. ఈ డేటాబేస్ ఫోటోను తనలో దాచుకోదు. అది ఎక్కడుందో చిరునామా మాత్రం రాసుకుంటుంది. అన్ని చిరునామాలూ డి డ్రైవుతో మొదలవుతున్నాయి. ముప్పై ఏడోది మాత్రం ‘A’ డ్రైవుతో. అంటే ఫ్లాపీ.

ఎవరో ఫ్లాపీలోకి కాపీ చేయబోయి పొరపాటున ఫోటోను కట్ చేశారు. రికార్డు ఖాళీ కాగానే కంగారుపడి ఫ్లాపీలోని ఫోటోకే చిరునామా కలిపారు. ఫ్లాపీ లోపలున్నంతసేపూ బొమ్మ చక్కగా కనిపించి ఉంటుంది. ఆ పని తాను చేయలేదు.

మల్లె సెంటు వాసనతో, నల్లకళ్లద్దాలు తలమీదికి నెట్టుకుంటూ సరోజ వచ్చింది. "ఏంది బాషా, ఇంకా రాలేదా? ఫైలు చెడిపోయుంటాదిలే. వాయిదా అడుగు."

"ఫ్లాపీ యాడుంది సరోజా?"

ఆమె కళ్లద్దాలు దించుకుంది. "నిన్ననే ముఠాకిచ్చేసినా. కోర్టు గేటు కాడ ఇద్దరుంటారు. నీకు మాత్రం నేను చెడు చేయలేదు బాషా. పులివెందుల రోడ్డులో బాంబు పడినపుడు భుజం పట్టి లాగిందెవరు?"

ఎనిమిది నెలలుగా ఆ చేతికి అతను రుణపడి ఉన్నాడు. ఇప్పుడే మొదటిసారి లెక్క తప్పుగా తోచింది.

"బాంబు పడేదని నీకెట్ల తెలిసె?"

సరోజ తలుపు వైపు కదిలింది. చిన్నసుబ్బయ్య తలుపు గడియ పెట్టి అడ్డంగా నిలబడ్డాడు.

కమాల్ వైర్‌లెస్ అందుకున్నాడు. సాక్షిని తెస్తున్న పోలీసు చెన్నకేశవ జీపు ముద్దనూరు చేరింది. "చెన్నకేశవా, మంగలి అంగడి కాడ ఆపు. మునెయ్య మీసం తీయించు, ఫోటోలో అదే గుర్తు. ఖాకీ చొక్కా, టోపీ తొడుగు."

అవతల మునెయ్య గావుకేక. "మీసమా! తల తీసుకోప్పా! ఏ రెడ్డి ముందరా దించలేదు దీన్ని!"

"తలుంటేనే గదా మామా మీసముండేది. కూర్చో."

పది ఇరవై ఎనిమిది. గేటు దగ్గర ఇద్దరు, పేపరు మడతలో ఫోటో, చేతిలో సంచి. జీపు దిగిన ప్రతి ముఖాన్నీ ఫోటోతో పోల్చారు. బోడిపెదవి పోలీసును ఆపి అడిగారు. "ఏమప్పా, సాక్షి యెప్పుడొస్తాడు?"

"వెనకాల వస్తాండాడు," అని మునెయ్య మెట్లెక్కాడు.

మరుక్షణం చెన్నకేశవ మనుషులు ఆ ఇద్దరినీ బాంబుల సంచితో సహా పట్టుకున్నారు.

మధ్యాహ్నం కమాల్ జమ్మలమడుగు చేరేసరికి మునెయ్య కోర్టు అరుగుమీద పెదవి తడుముకుంటూ కూర్చున్నాడు.

"ఈ మొహంతో ఊర్లేకి యెట్ల పోయేదప్పా? ఇంతకూ నా ఫోటో ఇచ్చిందెవరు?"

"నా జోడీ, మామా. నన్ను బాంబు నుంచి కాపాడిన మనిషే."

మునెయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"అట్లయితే నాదే నయం. మీసం నెలకంతా మొలుస్తాది."