ఆఖరి మెట్టు కింద బియ్యపు గింజ

జరిగినదంతటికీ మూలం ఓదెలు ఆడిన ఒక అబద్ధం. అదీ పెద్దదేమీ కాదు, రెండే మాటలు.

ఆ రెండు మాటలకు కారణమైన అమ్మాయి రాయదుర్గంలోని ఒక ఆఫీసు క్యాంటీన్‌లో, గాజు గోడల మీద ఆషాఢపు వాన ధారలు కడుతున్న వేళ, అతని పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. పేరు భానుశ్రీ. ఆరు నెలలుగా ఓదెలు సరిగ్గా ఆమె వచ్చే సమయానికే టీకి వస్తున్నాడు. ఈ ఆరు నెలల్లో వారిద్దరి మధ్య నడిచిన సంభాషణ మొత్తం "ఆ చక్కెర కాస్త ఇటిస్తారా" అన్న ఒక్క వాక్యం. అదీ ఆమె అన్నదే.

ఆ మంగళవారం ఆమె బల్ల మీద ఒక పాత గిటార్ ఉంది. లేత పసుపు మేపుల్ చెక్కతో చేసిన ఫ్రెట్‌బోర్డు, దాని మీద వీణకున్నట్టే వరుసగా మెట్లు. మెట్ల నడుమ వేళ్లు ఆనే చోటల్లా పాలిష్ లేచిపోయి చెక్క నల్లబడింది.

"తాతయ్యది," అని భానుశ్రీ తన స్నేహితురాలు జ్యోత్స్నకు చెబుతోంది. "వేళ్లు జారడం లేదే అని అలమర పైన పెట్టేశారు. ఇంకో పన్నెండు రోజుల్లో ఆయనకు ఎనభై నిండుతాయి. ఆ రోజు ఎలాగైనా ఆయన చేత వాయింపించాలి. షాపువాళ్లేమో నెల పడుతుందంటున్నారు."

ఓదెలు తండ్రి ఐలయ్య ముప్పై ఏళ్లుగా తలుపులకూ మంచాలకూ పాలిష్ పెడుతున్నవాడు. తండ్రి చేతిలోని పనితనం కొడుకు నోటికి ధైర్యమిచ్చింది.

"నేను చేస్తనండి. మా ఇంట్ల పాలిష్ పనే."

"గిటార్లకు చేశారా?"

లేదన్న మాట చాలు, ఈ కథ అక్కడే ముగిసేది.

"చాలా చేసిన," అన్నాడు ఓదెలు.

భానుశ్రీ అతన్ని పైనుంచి కిందకు ఒకసారి చూసింది. "సరేనండి. అయితే నేనూ వచ్చి పక్కనే కూర్చుంటాను. ఇది తాతయ్య ప్రాణం. ఒంటరిగా ఎవరికీ ఇవ్వను."

అతనికి రాబోయే ఆనందానికీ ఆపదకూ ఆ షరతే కారణమైంది.

శనివారం లింగంపల్లిలో, ఓదెలు ఇంటి బాల్కనీలో పని మొదలైంది. ఐలయ్య ఒక ఫంక్షన్ హాలు తలుపుల పని మీద సంగారెడ్డి వెళ్లాడు. వెనుకనున్న నాలుగు మరలు విప్పితే మెట్లున్న పొడుగాటి గిటార్ మెడ ఊడి చేతికొచ్చింది. మెట్లకు టేపు అంటించి ఇద్దరూ సన్న గరుకు కాగితంతో రుద్దసాగారు.

"మెల్లగానండి. మూడో మెట్టు దగ్గరి ఆ గుంట తాతయ్య చూపుడు వేలిది. మురికి పోవాలి, గుంట ఉండాలి."

"ఎరుకే."

"ఎరుక లేకేం. చాలా చేశారుగా."

ఆమె కనుబొమ్మ మీద మేపుల్ పొడి వాలింది. తుడుచుకొమ్మని చెప్పాలా, చెప్పకుండా చూస్తూ ఉండాలా అన్న మీమాంసలో పడి, ఓదెలు చాలాసేపు తన బొటనవేలి గోరునే రుద్దుకున్నాడు.

"గోరు నున్నగా వచ్చిందండి," అని నవ్వింది భానుశ్రీ. "ఇక చెక్క సంగతి చూద్దామా?"

ఆ నవ్వు తలకెక్కినవాడు ఆకాశం వైపు చూస్తాడా? ఆదివారం సాయంత్రం, ఇక పాలిష్ ఒక్కటే మిగిలిందన్న నమ్మకంతో ఆమె ఇంటికి వెళ్లాక, జల్లు పడుతుండగానే స్ప్రే పాలిష్ కొట్టేశాడు. గాలిలోని తేమ పాలిష్‌లో చిక్కుకుంది. చూస్తూ ఉండగా బంగారు రంగు చెక్క మీద మజ్జిగ ఒలికినట్టు తెల్లటి పొర కమ్మింది.

తల్లి చంద్రమ్మ కొడుకు మొహం చూసి విషయం గ్రహించింది. "ఏందిరా గంత పరేషాన్? మొన్న నీ ఫోను నీళ్లల్ల పడితే బియ్యంల పెట్టినం. మంచిగ కాలే? గిది గూడ పెట్టు, తడి గుంజుకుంటది."

భయపడ్డవాడికి తర్కం కంటే పోలిక త్వరగా నచ్చుతుంది. గిటార్ మెడ బియ్యం డ్రమ్ములోకి నిలువునా దిగింది.

సోమవారం ఉదయం, ఆఫీసుకు వెళ్తూ భానుశ్రీ రెయిన్‌కోటు నీళ్లు కార్చుకుంటూ గుమ్మంలో నిలబడింది. "ఆరిందా?"

ఓదెలు డ్రమ్ములోంచి దానిని పైకి తీశాడు. పచ్చి పాలిష్‌కు ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నబియ్యం అంటుకొని ఉంది.

భానుశ్రీ ఒక గింజను గోటితో గీకి చూసింది.

"ఓదెలు గారూ, ఇప్పటిదాకా ఎన్ని గిటార్లకు చేశారు?"

"ఇదే మొదటిది."

"చాలా అన్నారు."

"చక్కెర ఇచ్చినప్పటి సంది ఇంకో మాట కోసం చూస్తున్న. దొరికిన మాట అబద్ధమైంది."

ఆమె నవ్వలేదు. "ఆదివారం తాతయ్య దీని మీద చెయ్యి పెట్టాలి. అది తెలిసీ అన్నారు."

"తెలిసే అన్న. తప్పు నాదే. నాయిన ఇయ్యాల వస్తడు, అడుగుత. మీరు నాతోని మాట్లాడకున్నా సరే, ఇది మాత్రం మీ తాతకు అందాలె."

ఆమె బదులు చెప్పేలోగా సంచీతో ఐలయ్యే మెట్లెక్కి వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకొని చెక్కను వెలుతురులోకి తిప్పాడు.

"వానల పాలిష్ కొట్టిందెవరు?"

"నేనే నాయినా."

"బియ్యంల పెట్టిందెవరు?"

వంటింట్లో ఒక గిన్నె అనవసరంగా చప్పుడు చేసింది.

"ఫికర్ చేయకు బిడ్డా," అన్నాడు ఐలయ్య భానుశ్రీతో. "చెక్కకేం గాలే. పై పొర తీసి మళ్ల పెడదాం. సాయంత్రాలు జర వస్తవా? వీని చెయ్యిని నమ్మేటట్టు లేదు."

"వస్తానండి," అంది భానుశ్రీ. ఓదెలు వైపు మాత్రం చూడలేదు.

ఆ సాయంత్రమే థిన్నర్‌లో తడిపిన గుడ్డతో పాలిష్‌నూ గింజలనూ తుడవసాగారు. మొదట భానుశ్రీ గుడ్డ కావాలన్నా ఐలయ్యనే అడిగింది. ఒక గింజ ఎగిరి ఓదెలు మీసంలో చిక్కుకుంది. చాలాసేపు ఓర్చుకున్న భానుశ్రీ చివరకు పమిటంచు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. అక్కడి నుంచి మాటలు ఆగలేదు. ఫ్రెట్‌బోర్డు చివర ఒక్క గింజ మిగిలిందనగా ఆమె అతని చెయ్యి ఆపింది.

"అది ఉంచండి."

"ఎందుకు?"

"ఆఖరి మెట్టు కింద ఉంది. అక్కడికి తాతయ్య వేలు వెళ్లదు."

"అయితే మాత్రం ఎందుకుంచాలె?"

ఐలయ్య ఆమెను చూశాడు, కొడుకును చూశాడు. "నీకు చెప్పినా సమజ్ కాదు గని, ఆ గరుకు కాగితం ఇటియ్యి," అని ఉలి మొనతో చిన్న గుంట తీసి, గింజను అందులో పొదిగి చెక్కతో సమంగా అరగదీశాడు. తలుపులు మూసి, పెద్ద బల్బు వేడితో గదిలోని తేమను పోగొట్టి, పూటకొక పలుచని పొర చొప్పున దాని మీదుగానే పాలిష్ పట్టించాడు. శనివారానికి మేపుల్ చెక్క తేనె రంగుకు తిరిగింది.

ఆదివారం కూకట్‌పల్లిలో, బంధువులతో పాటు ఓదెలు కుటుంబమూ చేరిన హాల్లో, భానుశ్రీ తాతయ్య కామేశ్వరరావు గారు గిటార్‌ను ఒళ్లోకి తీసుకున్నారు. చూపుడు వేలు తనంత తానే మూడో మెట్టు గుంటను వెతుక్కుంది. తరువాత నూనె రాసిన తీగ మీద జారినట్టు పైకి జారింది. పాట ముగిసేదాకా ఓదెలు ఆ వేలినే చూస్తూ ఉన్నాడు.

పెద్దాయన కళ్లద్దాలు సవరించుకున్నారు. "చెయ్యి మళ్లీ నడిచింది. కానీ ఇదేమిటే భానూ, ఈ చివర?"

"ఒక అబద్ధం, తాతయ్యా."

"ఎవరాడారు?"

ఆమె చూపు వెంట ఆయన చూపూ వెళ్లి, పులిహోర పళ్లెంతో గుమ్మంలో నిలబడిన ఓదెలు మీద ఆగింది.

"ఎందుకాడావయ్యా?"

హాలంతా అటు తిరిగింది. ఈసారి ఓదెలు నిజమే చెప్పాడు. "మీ మనవరాలితోని మాట్లాడాలని."

"మాట్లాడావా మరి?"

"ఆరు సాయంత్రాలు మాట్లాడిన."

"చాల్లేదా?"

"చాల్లేదండి."

"నీకో?" అన్నారాయన మనవరాలితో.

"చాలితే ఆ గింజను ఎందుకుంచమంటాను, తాతయ్యా?"

"బియ్యం మా ఇంటియే," అని చంద్రమ్మ భర్త వెనుక నుంచి మెల్లగా అంది.

కామేశ్వరరావు గారు గిటార్‌ను జాగ్రత్తగా పక్కన పెట్టి, దీవెనల కోసం కలిపి ఉంచిన అక్షింతల పళ్లెం దగ్గరకు లాక్కున్నారు.

"ఇద్దరూ ఇలా రండి. మీ ఇంటి గింజ ఒకటి ముందే పడిందిగా. మిగతావి నేను వేస్తాను."