వెదుళ్ళ వారి వంశపటం

రెండువేల అరవై ఎనిమిది నాటికి గుమ్మడివలస నుంచి పెళ్లిచూపులకు బయల్దేరేవాళ్ళు పళ్ళూ పూలతో పాటు తమ వంశపటం నంబరు కూడా పట్టుకెళ్తున్నారు. అవతలివాళ్ళు ముందు నంబరు చూసి, తరవాతే పిల్లను చూపిస్తున్నారు.

సముద్రం ముందుకొచ్చి తీరం ఊళ్ళు లేచిపోయాక చుట్టాలు తలో దిక్కయ్యారు. కొందరు నీటి మీద తేలే పట్నాల్లో, కొందరు చంద్రుడి మీద రాతి గనుల్లో. అక్కడెక్కడో ఇద్దరు కలుసుకుని ఇష్టపడి, తీరా పీటల దాకా వచ్చాక అన్నాచెల్లెళ్ళ వరస అని తేలి ఏడవడం మామూలైపోయింది. అందుకని ప్రతి ఇంటిపేరు వాళ్ళూ ఒక వంశపటం నమోదు చేయించాలని ప్రభుత్వం చట్టం తెచ్చింది. పటం గీసే సాఫ్ట్‌వేర్లు మూడింటికి అనుమతిచ్చింది. మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నాక మార్చుకోవడానికి లేదు.

గుమ్మడివలసలో వెదుళ్ళ వారివి ముప్ఫై నాలుగు గడపలు. వాళ్ళందరికీ పెద్ద తవిటినాయుడు. డెబ్భై ఒక్క ఏళ్ళు. మాట పొదుపు మనిషి. ఎంపిక ఆదివారం అనగా శనివారం మధ్యాహ్నమే, అది జరగబోయే బడికి ఒక్కడూ వెళ్ళాడు. అక్కడ, ఊరూరా ఈ ఎంపిక జరిపించే డాక్టర్ హిమజ తన యంత్రాన్ని బల్ల మీద పెట్టి తుడుచుకుంటోంది.

"రండి తాతగారూ. ముందే చూసిపోదామని వచ్చారా?"

"ఊఁ."

ఆమె ఓపికగా చెప్పింది. మొదటిది పత్రరేఖ. పాత కాయితాలు చదివి పటం గీస్తుంది.

"మా కాయితాలు తుపానుకి పోనాయమ్మా."

రెండోది నోటిరేఖ. పెద్దవాళ్ళు చెప్పుకుంటూ పోతే విని గీస్తుంది.

"అబద్దం సెప్తే?"

"దానికి తెలీదు. చెప్పింది నమ్ముతుంది."

మూడోది రక్తరేఖ. దాని దగ్గరకొచ్చేసరికి ఆమె గొంతు మారింది. "ఇది నేను చేసిందండీ. పదకొండేళ్ళు పట్టింది." వేలి కొసన ఒక్క నెత్తుటి బొట్టు చాలట. లోపల జన్యుపాఠిని అనే భాగం ఉంది. నాలుగు నిమిషాల్లో ఆ బొట్టులోని జన్యువులన్నీ చదివి, మిగతా బంధువుల వాటితో పోల్చి, ఎవరికి ఎవరు ఏమవుతారో గోడ మీద పచ్చటి గీతల్లో చూపిస్తుంది.

తవిటినాయుడు యంత్రాన్ని చాలాసేపు చూశాడు. "ఒకడు బొట్టు ఇయ్యకపోతే?"

ఈసారి యంత్రమే పలికింది. "ఫర్వాలేదండి. వారి పిల్లల నుంచి, మనవల నుంచి వారిని తిరిగి కూర్చగలను. చనిపోయినవారినైనా సరే, ఏడు తరాల వరకూ."

"అతకనోడుంటే?"

"అతకని గీత ఎర్రగా కనిపిస్తుందండి. దాన్ని వేరే పుటలో పెడతాను."

తవిటినాయుడికి ముగ్గురు కొడుకులు, తొమ్మిదిమంది మనవలు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు.

అతని పేరుకో కథ ఉంది. ఆ వైపు ఊళ్ళలో పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, కొత్తగా పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పొరుగువాళ్ళకి ఇచ్చేసేవారు. మళ్ళీ గుప్పెడు తవుడు పోసి కొనుక్కునేవారు. ఎవరి బిడ్డో కొనుక్కొచ్చిన బిడ్డలే అని మృత్యువు వదిలేస్తుందని నమ్మకం. అలా దక్కినవాళ్ళకి తవిటయ్య, తవిటమ్మ అని పేర్లు. నలుగురు పిల్లలు పోయాక అతని తల్లి పైడమ్మ అయిదో కాన్పుకి పుట్టింటికెళ్ళి, కొడుకుని ఎత్తుకుని తిరిగొస్తే, వీడూ అలా తవుడు పోసి తిరిగి కొనుక్కున్న బిడ్డే అని ఊరంతా అనుకుంది.

పైడమ్మ పోయేముందు కొడుకుని దగ్గరకి పిలిచి అసలు సంగతి చెప్పింది. అయిదో బిడ్డ కూడా మూడో రోజున పోయాడు. కాలవ తవ్వకానికి ఎక్కడినుంచో వచ్చిన కూలీల గుడిసెలో ఆ వారమే ఒక తల్లి బిడ్డను కని కన్నుమూసింది. ఆ తండ్రి చేతిలో పైడమ్మ చేటెడు తవుడు పోసింది. తిరిగి కొనుక్కోవడం కాదది, కొనుక్కోవడమే. మొగుడు సింహాద్రికి కూడా ఆమె ఈ సంగతి చెప్పలేదు.

సింహాద్రి ఆ పిల్లాణ్ణి మెడ మీద ఎక్కించుకుని తిప్పాడు. నాగలి మేడి మీద చెయ్యి ఎలా ఆనించాలో నేర్పాడు. సింహాద్రి పోతే తలకొరివి పెట్టింది తవిటినాయుడే. రేపు గోడ మీద ఎర్రగీత పడితే ఆ కొరివి ఎవరు పెట్టినట్టు?

ఆదివారం పొద్దున్న బడి వరండా నిండిపోయింది. తవిటినాయుడి పినతండ్రి కొడుకు సన్నాసినాయుడు మీసం దువ్వుకుంటూ ముందు నిలబడ్డాడు.

"సెప్పుడు మాటలు మనకెందుకర్రా? రక్తమే ఎట్టించండి. వెదుళ్ళోల నెత్తురు నిప్పు. ఎవలికేటి బయ్యం?"

"నిప్పేటి, రేతిరి దోమ కుడితే ఇల్లంతా గెంతినావు," అంది అతని పెళ్ళాం అసిరమ్మ. అందరూ నవ్వారు. నవ్వుతూనే తలలూపారు. రక్తమే, రక్తమే అన్నారు. కాదన్నవాడి మీద అనుమానం పడుతుంది మరి.

"అన్నా, నువ్వేటంతావు?" అన్నాడు సన్నాసి.

"పదిమందీ ఏదంటే అదే," అన్నాడు తవిటినాయుడు.

హిమజ లేచింది. "గడపకి ఒక ఓటండీ. ఇంటి పెద్ద ఒక్కరే లోపలికెళ్ళి మీట నొక్కాలి. ఎవరు ఏది నొక్కారో ఎవరికీ తెలీదు. చట్టం అలా ఉంది."

ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్ళొచ్చారు. తవిటినాయుడు ఆఖరున వెళ్ళాడు. మూడు మీటలున్నాయి. నోటిరేఖ మీట మీద వేలు పెట్టి, తన ఒక్క ఓటుతో అయ్యేదేముంది అనుకుంటూనే నొక్కాడు. బయటికొచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుని గోడ కేసి చూడసాగాడు. లెక్క అక్కడే పడుతుంది.

పత్రరేఖ, సున్న.

రక్తరేఖ, సున్న.

నోటిరేఖ, ముప్ఫై నాలుగు.

కొందరు గోళ్ళు చూసుకున్నారు. ఒకాయన పైకప్పుకి ఎన్ని దూలాలున్నాయో లెక్కపెడుతున్నట్టు కనిపించాడు. సన్నాసినాయుడి చెయ్యి మీసం మీదే ఉండిపోయింది.

ముందుగా అసిరమ్మే తెప్పరిల్లింది. "ఏటయ్యా నిప్పూ, మన గడప ఓటు నువ్వే కదేటి ఏసినావు?"

సన్నాసి గొంతు సవరించుకున్నాడు. "సూది అంటే నాకు పడదు. నీకు తెల్దేటి?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత వరండా వరండా అంతా నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, పక్కవాడి వీపు మీద చరుస్తూ నవ్వారు. ఏ గడపలో ఏ చేట ఉందో, ఏ తవుడు ఉందో ఎవరూ ఎవర్నీ అడగలేదు. తవిటినాయుడు కూడా నవ్వాడు.

హిమజ రక్తరేఖను పెట్టెలో సర్దుతోంది. తవిటినాయుడు దగ్గరకెళ్ళాడు. "మీ కట్టం వొట్టిపోనాదమ్మా."

"మీది నూట ఎనిమిదో వంశం తాతగారూ. అన్ని చోట్లా అరుపులు రక్తానికే, ఓట్లు నోటికే." ఆమె పెట్టె మూత వేసింది. "దీంట్లో ఒక్క తప్పు కూడా లేదండీ. రెండేళ్ళు వెతికాను."

"మరి మీ ఇంట ఏదెట్టుకున్నారు?"

ఆమె పెట్టెకి తాళం వేసింది. "నోటిరేఖే," అంది.

తవిటినాయుడు తలూపాడు.

నోటిరేఖ తెర వెలిగింది. "పెద్దవారితో మొదలుపెడదామండి. మీ పేరు?"

"వెదుళ్ళ తవిటినాయుడు."

"తండ్రిగారి పేరు?"

తల్లి పోయిన నాటి నుంచీ ఆ ప్రశ్న ఎవరడిగినా నేల చూస్తూ జవాబు చెప్పేవాడు. ఇప్పుడు తలెత్తి తెర కేసి చూశాడు.

"వెదుళ్ళ సింహాద్రి."

"ఈ మాట ఎరిగిన సాక్షి ఒకరు కావాలండి."

సన్నాసినాయుడు లేచి నిలబడ్డాడు. "నానెరుగుదును. మా పెదనాన్న కొడుకే. రాసుకో."

"నానూ ఎరుగుదును," అంది అసిరమ్మ.

"మేమూ ఎరుగుదుము," అన్నారు వెనక వరసలోవాళ్ళు. ఒకరి వెనక ఒకరు లేస్తున్నారు.

"ఒక్క సాక్షి చాలండి," అంది యంత్రం.

ఎవరూ వినిపించుకోలేదు.