అన్నభేది తాగని ఆకులు

కొత్తగూడ ఫ్లైఓవర్ మీద హారన్లు మొదలయ్యే వేళకు వెంకటలక్ష్మి రెండో విడత కాఫీ కలుపుతుంది. మొదటిది భర్తకు, రెండోది కూతురికి. మూడు వారాలుగా ఆ ఇద్దరూ ఒకే కాఫీకి కూర్చోవడం లేదు మరి.

శిరీష చదివింది కెమికల్ ఇంజినీరింగ్. ఈ ఊళ్లో చాలామందిలాగే చేస్తున్నది సాఫ్ట్‌వేర్. ఇప్పుడు దానికి రాజీనామా ఇచ్చి, ఖాజాగూడలో ఆకుల మీద చల్లే ఎరువులను పరీక్షించే చిన్న ల్యాబ్‌లో చేరతానంటోంది.

"సాయంత్రం ఐదు లోపల రాజీనామా వెనక్కి తీసుకోమను నీ కూతుర్ని. ఆఫీసు వాళ్లు ఇంకా అవకాశమిస్తున్నారంట" అన్నాడు లక్ష్మీనారాయణ. ఆ కూతురు నాలుగడుగుల దూరంలోనే ఉంది.

"తీసుకోనని చెప్పమ్మా ఆయనకు."

"మీ ఇద్దరి చెవులూ బాగానే ఉండాయి. నాకు పొయ్యి మీద పప్పుంది" అంది వెంకటలక్ష్మి.

ఆయన విసురుగా బాల్కనీలోకి వెళ్లి, తొట్లలోని చామాకుల మీద ఎరువు నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. చుక్కలు గుండ్రంగా దొర్లి గచ్చు మీద పడుతున్నాయి. శిరీష గడపలో నిలబడి చూసింది.

"గచ్చుకు బాగా బలం పడుతుంది నాన్నా."

ఆయన గిరుక్కున తిరిగాడు. "వెక్కిరిస్తావా? ఆ చేలల్లో మా బతుకు చూసే నిన్ను చదివించినా. మళ్లీ పోయి ఆ మందు డబ్బాలే పట్టుకుంటానంటివే."

శిరీష బాల్కనీలోకి వచ్చింది. ఆయన చేతిలోని స్ప్రే సీసా అందుకుని, తన సంచిలోంచి తెచ్చిన ద్రావణం రెండు చుక్కలు కలిపి పక్క ఆకు మీద కొట్టింది. ఈసారి నీళ్లు దొర్లలేదు. చాప పరిచినట్టు ఆకంతా పరుచుకున్నాయి.

"ఆకు మీద మైనం పూత ఉంటుంది నాన్నా. చుక్క దానిమీద నిలవదు. సబ్బులాంటిది ఇంత కలిపితే అతుక్కుంటుంది. అప్పుడు ఎరువు సన్నటి రేణువులు ఆకు చర్మంలోంచి, అది ఊపిరి తీసుకునే కంతల్లోంచి లోపలికి పోతాయి. ఎక్కువైతే ఆకు మాడుతుంది. ఆ కొలత తేల్చడమే నా పని."

లక్ష్మీనారాయణ తడి ఆకును వేలితో తాకి చూశాడు.

"వేరుశనగ ఆకు మీదా ఇట్లే దొర్లుతుందా?"

"దొర్లుతుంది. అదీ తడవని ఆకే."

ఆయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. "నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మన చేనంతా తెల్లగా పాలిపోయింది. ఆకుకు ఇనుము చాల్లేదని అన్నభేది నీళ్లు కొట్టమన్నాడు మా నాయన. మూడుసార్లు కొట్టినా. పచ్చబడలేదు. నేను నీడన కూర్చుని డబ్బా పారబోసినానని, ఊరి ముందర కొట్టినాడు. చచ్చేదాకా ఆయన నన్ను నమ్మలేదు పాపా. పోనుపోను నాకే అనుమానమొచ్చింది, సరిగా కొట్టలేదేమో అని."

వెంకటలక్ష్మి గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయింది. ముప్పై రెండేళ్ల కాపురంలో ఈ మాట ఆమె చెవిన పడలేదు.

"అప్పుడు సబ్బేమన్నా కలిపినారా నాన్నా?"

"ఎవరు చెప్పినారు మాకు?"

"ఇంక ఆ నీళ్లు ఆకు మీద నిలిచే దారేది? నువ్వు సరిగానే కొట్టినావు. అది ఆకులోకి పోలేదు, అంతే."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు. తర్వాత కూతురి చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకోబోతే ఆమె చటుక్కున లాక్కుంది. "ఏంది నాన్నా ఇది."

"ఇంత చిన్న మాట చెప్పేవాళ్లు ఆ పొద్దు మా ఊళ్లో ఒక్కరుంటే... పో పాపా. పోయి చేరు ఆ పనిలో. ఐదు గంటలకు వాళ్లకేమీ రాయద్దు."

పప్పు అడుగంటిన వాసన వచ్చింది. వెంకటలక్ష్మి కదల్లేదు. ఈ పొద్దుకు మాడిన పప్పే మహాప్రసాదం అనుకుంది.

లక్ష్మీనారాయణ అప్పటికే ధర్మవరంలో ఉన్న అన్నకు ఫోన్ కలిపాడు.

"చెన్నకేశవులన్నా, అన్నభేది సంగతి గుర్తుందా? ఆ పొద్దు నేను సరిగానే కొట్టినానంట." అవతలి నుంచి అన్న ఏదో అడిగాడు. లక్ష్మీనారాయణ పక్కింటికి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు. "ఎవరా? నా కూతురు చెప్పింది. అదే దాని ఉద్యోగం."