పైపు రెండో కొస

కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో ఒక మూడంతస్తుల బిల్డింగ్ ఉండేది. పొద్దుగూకిందంటే ఏ ఆటోవాడూ ఆ సందులోకి వచ్చేవాడు కాదు. "మూలమీద దిగున్రి సార్" అనేసి, వెనక్కి చూడకుండా తిప్పుకుపోయేవాడు.

దానికి కారణం గోపయ్య. పై అంతస్తులో ఉండే దర్జీ. ఒక బంద్ రోజున కింద మంటలు లేచి మెట్లన్నీ అంటుకున్నాయి. రోడ్డంతా రాళ్లు, టైర్లు... ఫైరింజన్ రాలేదు. ఎవరో నీళ్ల ట్యాంకర్ పైపును పైకి విసిరితే, గోపయ్య ఒక కొసను నడుముకు కట్టుకున్నాడు. బాల్కనీ చువ్వల మీదుగా కిందికొచ్చిన రెండో కొసను నలుగురు పట్టుకుని, మెల్లమెల్లగా వదులుతూ అతన్ని దించుతున్నారు. సగం దిగాడో లేదో — "పోలీసులు!" అని ఎవరో అరిచారు.

నలుగురూ వదిలేశారు.

అప్పటినుంచీ రాత్రిపూట ఆ బాల్కనీలోంచి ఒక గొంతు వినబడుతుందని చెప్పుకునేవారు. "పట్టుకో... పట్టుకో..." అని.

దెయ్యం ఉన్న చోటు చవగ్గా దొరుకుతుంది కదా! మల్లికార్జునరావు గారు ఆ పై అంతస్తులోనే ఆఫీసు పెట్టారు. కంప్యూటర్ గేములు తయారుచేసే ఆఫీసు. మంటలార్పేవాళ్లకు శిక్షణ ఇచ్చే గేము ఒకటి ఒప్పుకుని, గోపయ్య కథ విని, అచ్చం అలాంటి సీనే అందులో పెట్టించిన మహానుభావుడాయన. ఒక ఆటగాడు పైన పొగలో పైపుకి వేలాడాలి, ఇంకొకడు కింద పట్టుకుని దించాలి; ఎవరింట్లో వాళ్లు కూర్చుని, నెట్ మీద, హెడ్‌ఫోన్లో మాట్లాడుకుంటూ ఆడొచ్చు. మౌస్ బటన్ నొక్కిపడితే పట్టు. వేలు తీస్తే వదిలేసినట్టు.

ఆ పైపు పని మహేష్‌ది. నల్లగొండ జిల్లావాడు. కంప్యూటర్లో పైపంటే ఒకటే వస్తువు కాదు, పూసల దండలాగ చిన్న చిన్న ముక్కలు, వాటి మధ్య కీళ్లు. కీళ్లు వదులు చేస్తే నూలుదారంలా వాలిపోతుంది. బిగిస్తే ఇనపకడ్డీలా నిలబడి, దానంతటది వణుకుతుంది. మనిషంత బరువు వేలాడిందంటే ముక్కకీ ముక్కకీ మధ్య సందు పడి పుటుక్కున తెగుతుంది. ఈ తెగడమే మహేష్ ప్రాణం తోడేస్తోంది.

వేలాడే మనిషి బొమ్మ పని రాఘవేంద్రది. గుడివాడ నుంచి వచ్చి చంపాపేట్‌లో ఇల్లు కట్టుకున్న కుటుంబం వాళ్లది. అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. ఇద్దరికీ మాటల్లేవు. చివరిసారి మాట్లాడుకున్నదీ గోపయ్య గురించే.

"బంద్ పిలిచిందీ మీవాళ్లే, మనిషిని గాల్లో వదిలేసి పరిగెత్తిందీ మీవాళ్లే" అన్నాడు రాఘవేంద్ర.

"ఆ పైపు పట్టుకున్నోళ్లు మీ ఆంధ్ర దుకాణపోళ్లే. మావోళ్లు గట్ల ఉరికేటోళ్లు గాదు. నేనుంటే చెయ్యి తెగినా ఇడువకపోదును" అన్నాడు మహేష్.

ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కూడా, ఏదన్నా చెప్పాలంటే రావుగారితో చెప్పించేవారు. పంతాలకు పోతే అంతే మరి.

ఆ సాయంత్రం రావుగారు మహేష్‌ని పిలిచారు. "రేపు పొద్దున్నే గేము చూడ్డానికి, మనకి పనిచ్చిన బొంబాయి కంపెనీవాళ్లు ఫ్లైట్ దిగుతున్నారు. వాళ్ల కళ్లముందు పైపు తెగిందా... ప్రాజెక్టూ ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదు."

నాదర్‌గుల్‌లో తన గదికి పోదామంటే బస్సుల్లేవు. మహేష్ ఒక్కడే ఆఫీసులో ఉండిపోయాడు. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కంప్యూటరూ నెట్టూ మాత్రం నడుస్తున్నాయి. కీళ్లను మళ్లీ బిగించాడు, వణుకు చావడానికి వాటిని క్షణానికి ఇంకా ఎక్కువసార్లు సరిచేసేలా మార్చాడు. హెడ్‌ఫోన్ తగిలించుకుని, గేము తెరిచి, కింది కొసను పట్టుకున్నాడు.

పైన ఎవరూ లేరు. పైపు బాల్కనీ మీదుగా వదులుగా పడుంది.

అది... కదిలింది.

మెల్లగా బిగుసుకుంది. ముక్కలన్నీ ఒక్క వరసలోకి వచ్చాయి. కింద పైపు పట్టుకున్న తన బొమ్మ చెయ్యి జర్రున పైకి లేచింది. బరువు! మనిషంత బరువు. కానీ తను మనిషిని పెట్టలేదే... రాఘవేంద్ర ఇంట్లో నెట్ పోయి రెండ్రోజులైందని రావుగారే చెప్పారే...

పైపు రెండో కొస పొగలో ఉంది. ఏమీ కనబడదు.

చెవిలో ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"పట్టుకో..."

మహేష్‌కి వీపు వెనకే బాల్కనీ తలుపు. గోపయ్య వేలాడింది ఆ చువ్వలకే. తిరిగి చూడాలంటే మెడ రాలేదు. తెర మీద పైపు కిర్రుమంటూ సాగుతోంది. వేలు బటన్ మీద బిగుసుకుపోయింది.

"పట్టుకో... వదలకు..." గుసగుస.

వెనక తలుపు టక్కుమంది.

మహేష్ వేలు తీసేశాడు. హెడ్‌ఫోన్ విసిరికొట్టి, చెప్పుల్లేకుండా మెట్లు దూకాడు. టేబుల్ మీద హెడ్‌ఫోన్లో ఎవరో సన్నగా అరవడం మెట్ల మీది దాకా వినబడింది. తెల్లారేదాకా ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, పోలీసుల పికెట్ పక్కన కూర్చున్నాడు.

పొద్దున్నే భయంభయంగా ఆఫీసుకొచ్చేసరికి రాఘవేంద్ర మహేష్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు — చాలా రోజుల తర్వాత నేరుగా అన్న మొదటి మాట.

"రాత్రి మా నెట్ వచ్చింది. నువ్వు ఆటలో కనిపించావు. పైపు తెగితే రేపు ఇద్దరం రోడ్డున పడతాం కదా అని, పరీక్షించడానికి పై కొసకి నేను వేలాడాను. బొమ్మకి నా బరువే పెట్టాను. ఇంట్లో అందరూ పడుకున్నారు, గట్టిగా మాట్లాడలేకపోయాను."

మహేష్ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నువ్వా! దయ్యమనుకొని పాణం పోయిందిరా నాకు! ఆ తలుపు గాలికి కొట్టుకున్నట్టుంది..."

రాఘవేంద్ర నవ్వలేదు.

కింద కారు ఆగిన చప్పుడైంది. బొంబాయి వాళ్లు. మహేష్ గబుక్కున లేచాడు.

"ఇంతకీ ఏమైంది? నీ బరువుకి పైపు తెగిందా?"

రాఘవేంద్ర అప్పుడు తలెత్తి చూశాడు.

"పైపు తెగలేదు. నువ్వే వదిలేశావ్."