నాన్న మంచానికి సాక్షి

పొయ్యి మీద ఓట్స్ జావ కుతకుతలాడుతోంది. నెట్టా రెన్నీ ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో టోపీ జుట్టు మీంచి జారకుండా సూది గుచ్చుకుంటోంది. బడికి ఇంకా వేళుంది. ఇంతలో ముందుగదిలోంచి కిర్రుమని చప్పుడైంది. వెంటనే గరిటె వదిలేసి వంటింటి పంపు దగ్గరికి వెళ్ళి గబగబా కొట్టడం మొదలుపెట్టింది. తొట్టి అప్పటికే నిండుగా ఉంది. నీళ్ళు పొర్లిపోతున్నా ఆపలేదు. ముందుగదిలో ఆ పని అయ్యేదాకా ఏదో ఒక చప్పుడు చెయ్యడం ఆమెకు అలవాటు.

ఆ గది ఒకప్పుడు చుట్టాలు వస్తే కూర్చోబెట్టే గది. క్వారీలో రాళ్ళెత్తే క్రేను తాడు తెగి, నాన్న మర్డో రెన్నీ నడుం మీద గ్రానైట్ పలక పడ్డప్పటినుంచీ అది ఆయన గదైంది. నడుం కింద స్పర్శ లేదు. వెర్మాంట్ కొండల్లో ఆయనంత ఒడుపుగా రాయిని చీల్చేవాడు లేడనేవారు. అలాంటి మనిషిని లేపడానికి, తిప్పడానికి, శుభ్రం చెయ్యడానికి అమ్మ యూఫీ ఒక్కతే. నెట్టా బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పి జీతం తెచ్చేది. ఆ గదిలోకి మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి, "ఎలా ఉన్నావు నాన్నా?" అని అడిగి వచ్చేసేది.

మందుల దుకాణం హార్లన్ విట్‌కోమ్‌తో ఆమెకు పెళ్ళి కుదిరింది. అతన్ని కూడా ఎప్పుడూ లోపలికి రమ్మనలేదు. ఎంత చలి వేసినా వాకిట్లోనే, శాలువా కప్పుకుని మాట్లాడి పంపించేది.

పంపు ఆగాక యూఫీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల మీద ఒక పెద్ద కవరు విప్పి, లోపలి కాగితాలు పరిచింది.

"వకీలు పంపించాడే. ఇలా రా, చూడు. ఎంత బాగా గీశారో!"

నెట్టా వంగి చూసింది. అది నాన్న మంచం. పరుపు మధ్యలో ఒక పలక, దానికి బందులు, పక్కన తిప్పడానికి చేతిపిడి. పిడి తిప్పితే పలక కిందికి దిగుతుంది, దాని చోటికి బేసిన్ జరిగి వస్తుంది. రోగిని ఎత్తక్కర్లేదు, కదపక్కర్లేదు. ఆ మంచం అమ్మే తయారుచేయించిందని నెట్టాకు తెలుసు. వడ్రంగి టిబెట్స్ ముసలాయన ఆర్నెల్లపాటు వస్తూ పోతూ ఉన్నాడు. కానీ బొమ్మలో మంచం మీద, చుక్కల గీతలతో, ఒక మనిషి కూడా పడుకుని ఉన్నాడు. ఆ మనిషికి గుబురు మీసాలు.

"ఇది నాన్న!" అంది నెట్టా.

"బొమ్మలు గీసే అబ్బాయి వచ్చి చూసి వెళ్ళాడుగా. ఉన్నదున్నట్టు గీశాడు," యూఫీ నవ్వింది. "పేటెంటు దరఖాస్తుకి ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలట. ఒకరు టిబెట్స్. రెండోది నువ్వు."

"నేనా? నా పేరు ఈ బొమ్మ కిందా?"

"అవునే. చదువుకున్నదానివి, చక్కటి చేతిరాత..."

"అమ్మా, ఇది అచ్చవుతుంది. ఎవరడిగితే వాళ్ళకి పంపిస్తారు. విట్‌కోమ్ వాళ్ళ అమ్మ చూస్తే? మా బడి పెద్దలు చూస్తే? కాబోయే కోడలి తండ్రి దొడ్డికి ఎలా కూర్చుంటాడో బొమ్మలేసి అమ్ముతున్నారంటే..."

"మెల్లిగా మాట్లాడు. తలుపు తీసుంది."

"తీసుంటేనేం? నువ్వు ఊరంతటికీ చాటింపు వేస్తున్నావు, నేను మెల్లిగా మాట్లాడాలా?"

యూఫీ మొహంలో నవ్వు పోయింది. "మనిషన్నాక తినకా తప్పదు, అదీ తప్పదు. ఇలాంటివాళ్ళు ఎన్ని ఇళ్ళల్లో పడి ఉన్నారో! వాళ్ళని ఎత్తలేక ఎంతమంది ఆడవాళ్ళ నడుములు విరుగుతున్నాయో! ఇందులో సిగ్గేముంది?"

"సిగ్గు లేదూ? నాన్న ఎలాంటి మనిషి! రోడ్డు మీద వెళ్తుంటే జనం పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆయన్ని తీసుకొచ్చి బేసిన్ మీద కూర్చోబెట్టిన పసివాడిలా బొమ్మ గీయించావు. నీకు లేకపోతే పోనీ, ఆయనకైనా ఉండక్కర్లేదా సిగ్గు?"

ఆ మాట అన్నాక గాని ఎంత గట్టిగా అందో ఆమెకు తెలియలేదు. ముందుగదిలోంచి నాన్న గొంతు వినిపించింది. కోపంగా లేదు. పొడిగా ఉంది.

"యూఫీ, ఆ కాగితాలు పొయ్యిలో పడేయ్."

నెట్టా జావ తాగకుండానే బడికి వెళ్ళిపోయింది.

ఆనాటినుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. మర్డో ఆ చేతిపిడి ఊడదీయించి గోడకు ఆనించి పెట్టించాడు. "పాత పద్ధతే చాలు," అన్నాడు. యూఫీ బతిమాలింది, కసిరింది, ఏడ్చింది. ఆయన గోడవైపు మొహం తిప్పుకున్నాడు. దాంతో మళ్ళీ ఆమె చంకల కింద చేతులు వేసి లేపడం, పక్కకు దొర్లించడం, రోజంతా అదే పని. నెట్టాకు లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా, నాన్నకి కూడా అది ఇష్టం లేదన్నమాట, నేనన్నదే నిజమన్నమాట అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఒక శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది.

"అమ్మా!"

"ఇక్కడ," అని ముందుగదిలోంచి మూలుగు.

యూఫీ మంచం పక్కన నేల మీద, మోకాళ్ళ మీద ఉంది. లేవలేకపోతోంది. రెండు చేతులతో మంచం పట్టీని పట్టుకుని, పళ్ళు బిగించి, చెమటలు కక్కుతోంది. మర్డో సగం మంచం మీద, సగం బయట, ఒరిగిపోయి ఉన్నాడు. దుప్పటి పాడైపోయింది. గది నిండా వాసన. ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నడుం పట్టేసిందే," అంది యూఫీ. "ఎప్పుడనగా పట్టేసింది..."

"నువ్వు లోపలికి రాకు," అన్నాడు మర్డో, చేతులు తియ్యకుండానే. "పోయి టిబెట్స్‌ని పిలు."

"టిబెట్స్ తాత పక్కూళ్ళో కొట్టం కట్టడానికి వెళ్ళాడు నాన్నా."

"అయితే ఎవరినైనా పిలు. నువ్వు మాత్రం వద్దు. నీకు దణ్ణం పెడతాను, నువ్వు వద్దు."

తండ్రి నోట దణ్ణం అనే మాట ఆమె ఎప్పుడూ వినలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది. అంత మనిషీ కూతురి కంటబడకుండా దాక్కోవాలని చూస్తున్నాడు. దాక్కోవడానికి ఆయనకు రెండు అరచేతులు తప్ప ఏమీ లేవు.

నెట్టా టోపీ తీసి కుర్చీ మీద పడేసింది. చొక్కా చేతులు పైకి మడిచింది. ముందు అమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి, అంగుళం అంగుళం లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత నాన్న చంకల కింద చేతులు వేసి పైకి లాగింది. ఆయన కదల్లేదు. మంచం పట్టీకి కాలు తన్నిపెట్టి మళ్ళీ లాగింది. ఆయన కాస్త జరిగాడు గాని ఆమె కళ్ళముందు చుక్కలు తిరిగాయి. ఈ బరువునా అమ్మ రోజూ ఎత్తుతోంది? తను పంపు కొడుతున్నంతసేపూ ఇక్కడ జరిగేది ఇదా?

"నీ వల్ల కాదు," అంది యూఫీ. "పిడి తగిలించు."

నెట్టా గోడకున్న పిడిని తెచ్చి మంచం పక్క రంధ్రంలో పెట్టి బలంగా తిప్పింది. అది తిరగలేదు.

"అలా కాదు," అన్నాడు మర్డో. ఒక చెయ్యి మొహం మీంచి తీశాడు. "ముందు కొక్కెం తియ్యాలి. కింద, ఎడమవైపు. ఆఁ, అదే. ఇప్పుడు నిదానంగా తిప్పు."

పలక మెత్తగా దిగింది. ఆయన సగం బరువు దానంతటదే ఆ పల్లంలోకి సర్దుకుంది, మిగతా సగాన్ని నెట్టా మంచం మీదికి లాగగలిగింది. నెట్టా వేణ్ణీళ్ళు తెచ్చింది. పాత గుడ్డలు తెచ్చింది. ఆయన్ని కడిగింది, తుడిచింది, పొడి దుప్పటి పరిచింది. ఒకసారి కళ్ళు మూసుకోబోయి, నాన్న తనవైపే చూస్తున్నాడని గ్రహించి, మూసుకోలేదు.

"ఆ కొక్కెం దేనికి?" అంది, ఏదో ఒకటి మాట్లాడాలని.

"లేకపోతే పలక దభీమని పడిపోతుంది. మొదట్లో అలాగే పడేది. నా వీపు చీరుకుపోయింది. అప్పుడు మీ అమ్మతో చెప్పాను, క్రేను గిలకకి వేసినట్టు దీనికీ ఒక కొక్కెం వెయ్యమని. ఆ పలక అంచు చూడు, గుండ్రంగా లేదూ? అదీ నేను చెప్పిందే. టిబెట్స్ నలుచదరంగా కోస్తానన్నాడు. వాడికేం తెలుసు, పడుకునేది నేను గదా!"

ఆయన గొంతులో ఏదో వేడి పుట్టింది. మళ్ళీ అంతలోనే ఆగిపోయాడు.

"నాన్నా, ఇదంతా అమ్మ ఒక్కతే చేసిందనుకున్నాను."

"మొదటి ఆలోచన మీ అమ్మదే." మర్డో పైకప్పు వైపు చూస్తూ అన్నాడు. "దెబ్బ తగిలాక అందరూ వచ్చి నన్ను ఓదార్చారు నెట్టా. ఒక్కరైనా ఏమైనా అడిగారా? రాయి ఎటు చీలుతుందో చెప్పమని నా దగ్గరికి వచ్చేవాళ్ళే, నన్ను చూసి వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. మీ అమ్మ ఒక్కతే పెన్సిలు తెచ్చుకుని ఇక్కడ కూర్చుని, ఎక్కడ ఒత్తుకుంటోంది, ఎలా ఉంటే బావుంటుంది అని అడిగింది. ఆ ఆర్నెల్లూ మళ్ళీ పనిలోకి వెళ్తున్నట్టే ఉండేది. సాయంత్రానికి అలసట కూడా వచ్చేది, తెలుసా? మంచి అలసట."

"వకీలు అడిగాడు, కనిపెట్టింది ఎవరని," అంది యూఫీ కుర్చీలోంచి. "ఇద్దరమూ అన్నాను. దరఖాస్తులో మీ నాన్న పేరు, నా పేరు, రెండూ రాశాడు. ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయావు నువ్వు. ఆ కింద చదవనే లేదు."

నెట్టా చేతిలోని గుడ్డ పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. ఆయనకైనా సిగ్గుండక్కర్లేదా అని అన్నది తనే. ఆయన చేతిలో మిగిలిన ఒక్క పనినీ ఆ ఒక్క మాటతో లాగేసుకుంది. ఆయన పరువు కాపాడుతున్నాననుకుంది. తీరా చూస్తే, కాపాడుకుంటున్నది తన పరువు. అదీ ఎవరి దగ్గర? పరాయివాళ్ళ దగ్గర.

"ఆ కాగితాలు... పొయ్యిలో వేశావా అమ్మా?"

"వేస్తానా? మీ నాన్న చెప్పినవన్నీ చేసుంటే ఈ కొంప ఎప్పుడో కూలేది. పిండి డబ్బా కింద పెట్టాను."

నెట్టాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మర్డో మాత్రం నవ్వలేదు, కానీ వాటిని కాల్చెయ్యమని మళ్ళీ అనలేదు.

"ఇవాళే సంతకాలు పెట్టేద్దాం," అంది నెట్టా లేస్తూ. "టిబెట్స్ తాత లేడుగా, ఇంకో సాక్షిని నేను తీసుకొస్తాను."

విట్‌కోమ్ మందుల దుకాణంలో శుక్రవారం సాయంత్రం రద్దీగా ఉంది. గల్లాపెట్టె దగ్గర హార్లన్ తల్లి, నల్ల సిల్కు గౌనులో నిటారుగా కూర్చుని ఉంది. ఇద్దరు చర్చి ఆడవాళ్ళు దగ్గుమందు కోసం నిలబడ్డారు.

"హార్లన్, ఒకసారి మా ఇంటికి వస్తావా? ఒక కాగితం మీద సాక్షి సంతకం కావాలి," అంది నెట్టా.

"దేనికమ్మాయ్?" అంది మిసెస్ విట్‌కోమ్.

ఏదో ఇంటి కాగితం అని చెప్పి బయటపడొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. నెట్టా మింగేసింది.

"పేటెంటు దరఖాస్తండీ. మా అమ్మా, మా నాన్నా ఒక మంచం కనిపెట్టారు. నడుం పడిపోయినవాళ్ళు లేవకుండానే దొడ్డికి వెళ్ళేందుకు. మా నాన్న దాని మీదే పడుకుంటారు."

చెవులు కాలిపోయాయి ఆమెకి. దగ్గుమందు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇలాంటివి నలుగురిలో చెప్పుకునే సంగతులు కావు," అంది మిసెస్ విట్‌కోమ్ నెమ్మదిగా.

"నేనూ అలాగే అనుకున్నానండీ. అలా అనుకోబట్టే మా అమ్మ నడుం విరగ్గొట్టాను."

హార్లన్ కందగడ్డలా ఎర్రబడ్డాడు. తల్లి వైపు చూశాడు, సీసాల వైపు చూశాడు. "దుకాణం కట్టేశాక వస్తాను," అన్నాడు. వస్తాడని నెట్టాకు నమ్మకం కుదర్లేదు.

దీపాలు పెట్టే వేళకు తలుపు చప్పుడైంది. హార్లన్ టోపీ చేత్తో పట్టుకుని, అలవాటుగా వాకిట్లోనే నిలబడ్డాడు.

"లోపలికి రా," అంది నెట్టా.

అతను ముందుగది గుమ్మంలో తటపటాయించాడు. మర్డో గడ్డం గీయించుకుని, తెల్ల చొక్కా వేసుకుని, దిండ్లకు ఆనుకుని ఉన్నాడు.

"రెన్నీ గారూ," అన్నాడు హార్లన్, "ఇన్నాళ్ళూ మీకు నేనంటే గిట్టదనుకున్నాను. అందుకే గడప దాటనివ్వడం లేదనుకున్నాను."

మర్డో తెల్లబోయాడు. "నేనా? అవిటివాణ్ణి చూడ్డం ఇష్టంలేక నువ్వే రావడం లేదనుకున్నానయ్యా."

ఇద్దరూ ఒకేసారి నెట్టా వైపు చూశారు. ఆమె తల పైకెత్తలేకపోయింది. "ఇద్దరిదీ తప్పు కాదు," అంది. "నేనే రానివ్వలేదు."

యూఫీ దిండు ఆసరాతో కూర్చునే సంతకం పెట్టింది. మర్డో ఒక్కో అక్షరం రాయిమీద ఉలితో చెక్కుతున్నట్టు రాశాడు. ఆ పక్కన సాక్షులుగా హార్లన్, అతని కింద నెట్టా. సిరా ఆరేలోగా మర్డో హార్లన్‌చేత రెండుసార్లు పిడి తిప్పించి కొక్కెం సంగతి చెప్పాడు. పరుపు మీద పరిచిన రబ్బరు గుడ్డ చూసి, తన దుకాణంలో ఇంతకన్నా మేలైనది దొరుకుతుందని హార్లన్ అన్నాడు. దాని మీద ఇద్దరికీ వాదన కూడా జరిగింది. వెళ్ళేటప్పుడు హార్లన్, "మా అమ్మ సర్దుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది," అని గొణిగి వెళ్ళాడు.

అమ్మకు వేడినీళ్ళ కాపడం పెట్టి పడుకోబెట్టి, నెట్టా తిరిగి నాన్న గదిలోకి వచ్చింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా, ఆవేళ నేనన్న మాట..."

"విన్నాను."

"మర్చిపో నాన్నా."

మర్డో ఆమె తల మీద చెయ్యి వేశాడు. రాళ్ళ పని మానేసి మూడేళ్ళయినా ఆ అరచెయ్యి ఇంకా గరుకుగానే ఉంది.

"మర్చిపోయానని అబద్ధం చెప్పలేను తల్లీ. నాకది చాలా లోతుగా తగిలింది. కానీ ఇవాళ నన్ను కడిగేటప్పుడు నువ్వు మొహం తిప్పుకోలేదు. అదీ మర్చిపోను."

నెట్టా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, మొహం దానికి ఆనించి, ఎవరైనా వింటారేమోనన్న బెరుకు లేకుండా ఏడ్చింది. ఆయన వద్దనలేదు.