ఎవరో ఒకరు వినాలి

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలిచేవారు. మాటకు ముందే నవ్వు, చేతిలో ఎప్పుడూ సూదో కత్తెరో. ఒంటి మనిషి. ఎవరింట్లో కష్టమొచ్చినా పని పక్కన పడేసి పరిగెత్తేది. అలాంటిది, సొంత అన్నయ్య పోయాక మాత్రం వదిన గడప తొక్కలేకపోయింది. పోయిన రోజు అందరితో పాటు వెళ్లింది, అందరితో పాటే వచ్చేసింది. తర్వాత ఫోన్లో "ధైర్యంగా ఉండు వదినా" అనడం తప్ప ఏం చేయాలో తోచలేదు. వెళ్తే ఆవిడ ముందే తను బావురుమంటుందేమోనని భయం.

చివరికి ఒక సాయంత్రం, వాన మబ్బు పట్టి ఉన్నా, మిషను మీద గుడ్డ కప్పేసి బస్సెక్కింది. సలహాలు చెప్పకూడదు, పక్కన కూర్చోవాలి, ఏం చెప్పినా వినాలి. దారంతా అదే అనుకుంది.

తలుపు తీసిన వదిన చిక్కి సగమైంది. జుట్టు మాత్రం నున్నగా దువ్వి ఉంది. ఇల్లు అద్దంలా ఉంది. కానీ ఎక్కడినుంచో తడి గోడ వాసన. దాని వెనకే, మోకాలి నొప్పికి రాసుకునే మందు ఘాటు.

"ఇప్పటికి తీరిందా అమ్మాయ్?" అంది వదిన. గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

"నీ ముఖం ఎలా చూడాలో తెలియలేదు వదినా."

"అందరిదీ అదే మాట. మొదట్లో ఇసకేస్తే రాలనంత జనం. కాలమే మందన్నారు. ఒకావిడైతే, పిల్లల్లేరు కాబట్టి నీకు బాదరబందీ లేదులే అంది. ఓదార్పుట అది! ఆ తర్వాత పిట్ట కూడా వాలలేదు."

టైలరమ్మ వదిన చెయ్యి పట్టుకుంది. బయట వాన ఒక్కసారిగా దంచి కొట్టింది. కరెంటు పోయింది.

అప్పుడు వినిపించింది... వెనక గదిలోంచి.

ఒక అడుగు. ఒక ఈడుపు. ఒక అడుగు. ఒక ఈడుపు.

అన్నయ్య స్కూలు బస్సు నడిపేవాడు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయి, ఆ కాలు ఈడుస్తూ నడిచేవాడు. ఆ నడకను ఆమె వెయ్యిమందిలో అయినా పోల్చుకోగలదు.

"వదినా... లోపల ఎవరు?"

"ష్... మెల్లగా."

వదిన ఆమె చెవి దగ్గరికి వంగింది. "మనసులో పెట్టుకోకు, మాట్లాడు, బరువు దించుకో అన్నారందరూ. ఎవరితో మాట్లాడను? వినేవాళ్లెవరు? ఆయన గది తలుపు ముందు కూర్చుని గోడకు చెప్పుకునేదాన్ని. ఓ రోజు లోపల్నుంచి 'ఊఁ' అని వినిపించింది."

"అన్నయ్యేనా?"

"అలాగే అనుకున్నాను. సంతోషంతో పిచ్చెక్కిపోయింది. కానీ అమ్మాయ్... మొదట్లో అది వేరే కాలు ఈడ్చేది. అది కాదండీ, ఈ కాలు అని చెప్పాను. మర్నాటికి సరిచేసుకుంది."

"ఏ కాలని చెప్పావు?"

వదిన శూన్యంలోకి చూసింది. "గుర్తులేదు. చెప్పేశాగా."

"అంటే...?"

"చెప్పిందల్లా నా దగ్గర్నుంచి పోతోంది. ఆయన టీ ఎలా తాగేవాడో చెప్పాను, పోయింది. పెళ్లైన కొత్తలో ఏం మాట్లాడుకున్నామో చెప్పాను, పోయింది. ఒక్కటే మిగిలింది. ఎవరూ లేనప్పుడు నన్ను ఏమని పిలిచేవాడో. రోజూ అదే అడుగుతోంది."

అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"చెప్పు..."

అచ్చం అన్నయ్య గొంతే. ఆ చిన్న బొంగురు, ఆ తాపీతనం. టైలరమ్మకు ఇన్నాళ్లూ దిగమింగిన దుఃఖమంతా పొంగుకొచ్చింది. తలుపు తీస్తే చాలు. ఒక్కసారి చూస్తే చాలు. లేచి నిలబడింది. 'అన్నయ్యా' అన్న మాట పెదవి దాకా వచ్చింది...

"ఇంకెవరో ఉన్నారే..." తలుపు వెనక గొంతు మురిపెంగా అంది. "ఎవరమ్మా నువ్వు? నాకేమవుతావు?"

గొళ్లెం కదిలింది.

టైలరమ్మ వదిన చెయ్యి పట్టుకుని లాగింది. చెప్పులు లేవు. గొడుగు లేదు. వానలో పడి పరిగెత్తారు. బస్సులో కూర్చున్నాక కూడా ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

వదినను తన ఇంట్లోనే ఉంచుకుంది. ఏడుపొస్తే ఏడవనిచ్చింది. మాట్లాడకపోతే తనూ ఊరుకుంది. పక్కింటావిడ కూడా వచ్చి కాసేపు ఊరికే కూర్చుని వెళ్లేది. మెల్లగా వదిన తినసాగింది, కంటినిండా నిద్రపోసాగింది.

"నా దగ్గర ఏమీ మిగల్లేదు. నీకు గుర్తున్నవి చెప్పవూ?" అని వదిన అడిగితే టైలరమ్మ కాదనలేకపోయింది. మిషను తొక్కుతూ చెప్పేది. అన్నయ్య సైకిలు నేర్పుతానని తనను కాలవలో పడేయడం, తన వాటా మిఠాయి కూడా తినేసి నేరం పిల్లి మీదికి నెట్టడం, అమ్మ పోయినప్పుడు తన తల ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చోవడం. ఇద్దరూ కలిసి నవ్వుకునేవారు, కలిసి ఏడ్చేవారు. చెబుతున్నకొద్దీ గుండె తేలికయ్యేది. ఎన్ని చెప్పినా వదినకు తనివి తీరేది కాదు.

ఒక మధ్యాహ్నం, కూతురి గౌను కోసం వచ్చిన ఒకావిడ గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించింది.

"ఊళ్లో లేను, ఆలస్యంగా తెలిసింది. మీ అన్నయ్య పోయారట కదమ్మా. మా పిల్లని ఆయనే బస్సులో దించేవారు. బంగారంలాంటి మనిషి."

టైలరమ్మ మిషను ఆపింది. అన్నయ్యా? ఎంత తడుముకున్నా ఏమీ తగల్లేదు. పాపం, ఇంకెవరనో పొరబడి ఉంటుంది. నొప్పించడం ఎందుకని, "మీ అభిమానమమ్మా" అని గౌను మడిచి ఇచ్చి పంపింది.

లోపలి గదిలో వదిన ఎవరితోనో కబుర్లాడుతోంది. మగగొంతు ఒకటి, చిన్న బొంగురుతో, పకపకా నవ్వింది.

ఎవరో గానీ, నవ్వు భలే బాగుంది అనుకుంటూ, టైలరమ్మ సూదిలో దారం ఎక్కించుకుంది.