మా గేరి పిల్లోడు

"ఓయ్, బండి ఆపు! కండ్లు యాడ పెట్టుకోని వస్తాండావు?"

శివశంకర్ బ్రేకు వేశాడు. ముందు చక్రానికి జానెడు దూరంలో పట్టు పడుగు, వీధి పొడవునా సాగదీసి ఉంది. ఎండలో దారాలు కనబడలేదు. వాటి వెనక నిలబడిన అమ్మాయి మాత్రం కనబడింది.

"రోడ్డంతా మీరే పరుచుకుంటే ఎట్ల?"

"రోడ్డు ఆడ ఉండాది, బస్టాండు కాడ. ఇది గేరి."

"రెండిటికీ తేడా ఏమి?"

"రోడ్డు మీద ఎవరైనా పోవచ్చు. గేరిలోకి వస్తే ఎవరింటికో చెప్పాల. చెప్పు, ఎవరింటికి?"

అతను వచ్చింది వాళ్లింటికే. చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీయడం అతని పని. హిందూపురంలో అతని నాయనదీ మగ్గమే. ఆ అమ్మాయి వనిత. ఆమె నాయన నరసింహ కొత్త అంచు కావాలని ధర్మవరం రమ్మన్నాడు.

ఆ అంచు ఒక్క రోజులో తేలాల్సింది. తేలలేదు. నెమలి మెడ వంపు చూపించాలని ఒకసారి, రంగు అడగాలని ఒకసారి వచ్చాడు. ఒక మనిషిని చూడాలన్న కోరిక ఎన్ని పనుల వేషం వేస్తుందో అతనికి తెలుసు. తెలిసినా, దారిలో పెనుకొండ దాటగానే బండి అద్దంలో జుట్టు చూసుకునేవాడు.

చివరికి ఆ గేరిలోనే, అంజనప్ప మేడ మీద గది తీసుకున్నాడు. దగ్గరగా ఉంటే దగ్గరవుతామనుకున్నాడు.

వనిత అవ్వ ఉలిగమ్మ అరుగు మీద నుంచే పిలిచింది.

"రాప్పా. ఇంగ నువ్వు మా గేరి పిల్లోడివి. ఈడుండే ఆడపిల్లోళ్లకంతా అన్నవి. ఒకే గేరిలో పిల్లనిచ్చి పుచ్చుకునేది లేదు, తెలుసు కదా? మా వనిత పెండ్లిలో పీట నువ్వే మోయాల."

గుమ్మంలో వనిత పెదవి కొరుక్కుంది. నవ్వో, కోపమో తెలియలేదు.

మరుసటి పొద్దున కుళాయి దగ్గర అందరూ వినేట్టు పిలిచింది. "శంకరన్నా, నీ బిందె నిండింది!"

తన లోపల ఒక ఇల్లు కట్టుకున్నానని, అది కూలేటప్పుడే అతనికి తెలిసింది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. గేరి మొత్తం పడుగు మీదికి పరుగెత్తింది. అతనొక కొసన, ఆమె ఇంకో కొసన చుట్టుకుంటూ వచ్చారు. చుట్టేకొద్దీ మధ్య దూరం తగ్గింది. ఆమె కనురెప్ప మీద ఒక చినుకు ఆగి ఉంది.

"థ్యాంక్స్ అన్నా," అంది ఆమె మెల్లగా, ఎదురుగా చూస్తూ.

తెల్లవారగానే బండికి పరుపు కట్టసాగాడు.

"యాడికప్పా?" ఉలిగమ్మ అరుగు దిగింది.

"గది ఖాళీ చేస్తాండా అవ్వా. హిందూపురం నుంచే వచ్చి పోతా."

"ఈడేమి తక్కువైంది?"

ఏదో ఒక అబద్ధం చాలు. నాలుక మీదికి రాలేదు.

"ఈడుంటే నేను వనితకు అన్న అవుతా అవ్వా. నాకు కాబుద్ధి లేదు."

ఎదురింటి మగ్గం ఆగింది. ముసలామె అతన్ని కింది నుంచి పైదాకా చూసి, వెనక్కి తిరిగింది.

"ఏమ్మే, వింటివా?"

వనిత బయటికి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"కుళాయి కాడ గొంతు చించుకోని అన్నా, అన్నా అని పిలిస్తి. అట్లయినా గది ఇడిచిపెడతాడని. ఇన్నాళ్లు పట్టింది ఈ మనిషికి!"

"అంటే... నేనంటే ఇష్టం లేక కాదా?"

"డిజైన్లు గీస్తావంట! ఇది తెలీదా?"

ఉలిగమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "సరే, ఫస్ట్ గేరి దాటు. మీ నాయనను పిలుచుకోనిరా. నరసింహతో నేను మాట్లాడతా."

శివశంకర్ వంగి పరుపు తాడు లాగబోయాడు. అంజనప్ప మేడ మెట్లు గబగబా దిగి వచ్చి, ఆ తాడు లాక్కున్నాడు.

"వదులప్పా. అల్లుడు పరుపు కట్టుకుంటాంటే నిలబడి చూసినామంటే, మా గేరికి ఏం మర్యాద?"